అలమరలోని పాత కెమెరా

ఉప్పలు చౌరస్తాలోని స్కైవాక్ మీద సాయంకాలము నిలిచి క్రిందికి చూచినచో ఇటు వరంగల్లు దారి, అటు నాగోలు దారి, రామంతాపురము దారి, హబ్సిగూడ దారి నాలుగును బండ్లతో నిండి కనుపించును. 2023 జూనులో ఆ వంతెన తెఱచినది మొదలు మా ప్రాంతపు స్త్రీలకు అక్కడ రోడ్డు దాటుట ప్రాణగండము కాక, ప్రొద్దుపుచ్చుటకు గూడ అదియొక చోటైనది. మొన్న ఒక ఆదివారము మేము కూరల సంచితో మెట్రో స్టేషను వైపు పోవుచుండగా నలుగురు కళాశాల బాలికలు దారికడ్డముగా నిలిచియుండిరి. ఇద్దరి జీన్సుల అంచులు నేలనూడ్చుచుండెను. ఒకతె జుట్టునిండ రంగురంగుల సీతాకోకచిలుక క్లిప్పులు. మఱియొకతె పొట్టి కుర్తా తొడిగి, నీళ్లలో ముంచి మెలివెట్టి ఆరవేసినట్లున్న ముడతల చున్నీ వేసికొనెను. ఆ చున్నీని మేమెక్కడనో చూచియుంటిమి. కొంత తడవునకు జ్ఞప్తికి వచ్చినది: అట్టిదే మాకును ఉండెడిది, కోఠిలో సుల్తాన్‌బజారున కొన్నది.

వారి చేతిలో ఫోను లేదు. అరచేత నిముడు వెండిరంగు కెమెరా యొకటి యున్నది. ఫ్లాష్ తళుక్కున మెఱసెను. నలుగురును తలలు చేర్చి దాని చిన్న తెరను చూచుకొని, “మస్తు చెడిపోయిందే ఫోటో!” అని సంతోషముతో ఎగిరిరి.

ఫోటో చెడిపోయినందుకు సంతోషించువారిని మేమెన్నడును చూచియుండలేదు. కావున సిగ్గువిడిచి అడిగితిమి. క్లిప్పుల పిల్ల మర్యాదగా, “ఇది వై టూ కే స్టైల్, ఆంటీ. మా మమ్మీ కెమెరా ఇది,” అని చెప్పినది.

వై టూ కే! ఇప్పటి పిల్లలకది బట్టల పేరును, ఫోటోల పేరును అయినది. మన తెలుగిండ్లలో ఆ మాట మొదట విన్నవారికి అది వేఱొకటి. పూర్వపు కంప్యూటరు లెక్కలలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసెడివారు. 1999 అనుటకు 99 చాలును. 2000 వచ్చి 00 అని పడినపుడు యంత్రము దానిని 1900 అని భ్రమించి బ్యాంకు వడ్డీలు మొదలు రైలు టికెట్ల వఱకు తారుమారు చేయునని లోకమంతయు బెదరినది. ఆ లెక్కలను కూర్చుండి దిద్దుటకు అమెరికాకు వేలకొలది మనుష్యులు కావలసివచ్చిరి. ఏటికి 65,000గా నున్న హెచ్-1బి వీసాల పరిమితిని 1999లో 1,15,000కు పెంచిరి. ఇచ్చట మాదాపురములో సైబర్ టవర్సు 1998 నవంబరులో తెఱచిరి. అమీర్‌పేట శిక్షణ కేంద్రములకు ఉప్పలునుండియు నాచారమునుండియు బస్సులలో వ్రేలాడుచు పోయిన పిల్లలను మనమెఱుగుదుము. వారిలో కొందఱు సముద్రములు దాటిరి. వారు మొదటిసారి సెలవులకు వచ్చినపుడు పెట్టెలో చాక్లెట్ల ప్రక్కన వచ్చిన వస్తువే ఈ వెండిరంగు కెమెరా. మా యెఱుకలోని పెక్కిండ్లకు అది ఆ విధముగనే వచ్చినది.

ఆ కాలపు బట్టలేల తిరిగివచ్చెనని ఆశ్చర్యపడ పనిలేదు. కూతుళ్లు తల్లుల పడుచుదనమును ఫోటోలలో చూచి మోజుపడుట ఎల్లకాలములందు నున్నదే. మన తల్లుల పొడుగుచేతుల రవికలు మనకు ముచ్చటగా దోచలేదా? దానికి తోడు సినిమా యొకటి. 2001లో వచ్చిన ‘ఖుషి’ని 2022 డిసెంబరు 31న మరల థియేటర్లలో వేసిరి, 2006 నాటి ‘బొమ్మరిల్లు’ 2024లో తిరిగివచ్చినది. అవి మొదట విడుదలయినప్పుడు ఉయ్యాలలో నున్నవారును, పుట్టనివారును ఇప్పుడు గుంపులుగా పోయి చూచి వచ్చుచున్నారు. ఈ మోజు మన యూరిదే కాదు. 2010లో లోకమంతట 12 కోట్లకు పైగా పంపిణీయైన డిజిటల్ కెమెరాలు, ఫోనులు వచ్చిన పిమ్మట పడిపోయి 2023 నాటికి 80 లక్షలైనను లేకపోయెను. ఆ మిగిలిన కొలదిపాటిలో ఈ చిన్న కెమెరాలను అడుగువారు మరల బయలుదేరిరి.

చెడిపోయిన ఫోటోయే బాగున్నదనుటలో గల మర్మమును గూడ కొంచెము విచారింతము. ఈ చిన్న కెమెరాలలో ఫ్లాష్ కటకమునకు అంగుళము రెండంగుళముల దూరముననే యుండును. కావున వెలుగు ఎదురుగా మొగము మీదనే పడి, ముక్కునీడ మాయమై, వెనుకనున్నదెల్ల చీకటిలో కలిసిపోవును. ఆ వెలుగే కంటిలోపలి నెత్తురుగల పొరమీద పడి తిరిగివచ్చుటచేత కనుపాపలు ఎఱ్ఱబాఱును. ఇప్పటి ఫోను అట్లు చేయదు. మనమొక మారు నొక్కినచో అది అనేక ఫోటోలు తీసి, చీకటినంతయు వెలిగించి, వానినన్నిటిని కలిపి యొకటిగా చేయును. పెక్కు ఫోనులు మనము కోరకయే చర్మపు మచ్చలను గూడ నున్నగా తుడిచివేయును. పాతకెమెరాలోని సీసీడీ యను వెలుగుపలకలోనే ఏదో మహిమ యున్నదని పిల్లలు చెప్పుకొందురు. ఆ పలకను 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ కనిపెట్టి, 2009లో నోబెల్ బహుమానమును పొందిరి. కాని రంగుల తీరు పలకవలన కంటె ఆ కెమెరా తయారుచేసినవారు దానిపై నమర్చిన రంగుల జల్లెడవలనను, లోపలి లెక్కలవలనను కలుగునది. మహిమ యేమైన నున్నచో అది తక్కువ దిద్దుటలో నున్నది. క్లిప్పుల పిల్ల మాతో నన్న మాట యిది: “ఫోన్ల దిగితే నేను నాలాగ ఉండను ఆంటీ. ఇండ్ల నా మొటిమ కూడా ఉంటది.” పదునెనిమిదేండ్ల పిల్ల తన మొటిమను తనదని చెప్పుకొనుటకు పాత కెమెరాను ఆశ్రయింపవలసి వచ్చుట మనము ఆలోచింపదగిన సంగతియే.

ఇంటికి వచ్చిన తరువాత మా అలమరను తెఱచితిమి. పట్టుచీరల క్రింద, పెండ్లి ఆల్బము ప్రక్కన, నాఫ్తలీను వాసనతో మా కెమెరాయు నుండెను. 2004లో మా మఱిది తెచ్చినది. ఆ వారమే నాచారమునుండి మా చెల్లెలి కూతురు వచ్చి దానిని చూచి గంతులువేసినది. అదృష్టవశమున అది గడియారపు కొట్టులో దొరకు రెండు సన్న బ్యాటరీలతో పనిచేయునది. వేసి నొక్కగనే లేచి, చిన్న పాట పాడి, పిల్లకు అర్థముకాని ప్రశ్న యొకటి తెరపై వ్రాసినది. మేము వంటయింటిలో పోపు వేయుచుంటిమి.

“పెద్దమ్మా, ఇదేదో ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. ఓకే నొక్కనా?”

పోపు మాడిన మాడినది గాని, మేము పరుగెత్తి వచ్చి దాని చేయి పట్టుకొంటిమి. కార్డు చాలకాలము కదలక యుండుటచేత సరిగా ఆనలేదు. తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, మరల వేయగా ఆ ప్రశ్న పోయి ఫోటోలు వచ్చినవి. మొత్తము 164.

వానిలో మా అత్తగారున్నారు. ఆమె 2009లో కాలముచేసిరి. మా ఇంటి గోడమీద ఆమె ఫోటో దండతో నున్నది, స్టూడియోలో తీసినది. భుజముచుట్టు కొంగు కప్పుకొని, పెదవులు బిగించి, ఎవరినో మందలింపబోవునట్లు చూచుచుందురు. మా పిల్లలకు నాయనమ్మ యనగా ఆ చూపే. కార్డులోని ఫోటోలో ఆమె పెరటిలో మామిడికాయ ముక్కలు ఎండబెట్టిన చాపమీద కూర్చుండి, చేతిలో కత్తిపీటతో, నోటికి చేయి అడ్డుపెట్టుకొనక నవ్వుచున్నారు. ముందుపల్లు ఒకటి లేదు. కనుపాపలు ఎఱ్ఱగా మెఱయుచున్నవి. ప్రక్కన సగము మొగము మాత్రము పడి, జడ తెగిన ముడతల చున్నీతో మేము. ఆ దినము ఏమన్నందుకు నవ్విరో మాకు జ్ఞాపకము రాలేదు. చెల్లెలి కూతురు చాలసేపు చూచి, “ఈమె ఇట్ల నవ్వేదా?” అని అడిగినది. మాకు వెంటనే మాటరాలేదు.

అప్పటినుండి మాకీ సంగతి మనస్సున మెదలుచున్నది. మనదేశమున గృహిణి నవ్వుచుండగా, పనిలో నుండగా తీసిన ఫోటోలు ఎన్నడు మొదలయినవి? మన నగరములో రాజా దీనదయాళ్ అంతటివాడు 1892లో అంతఃపురస్త్రీలకని ప్రత్యేకముగా జెనానా స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికిచ్చెను. పరదాలోని స్త్రీకి ఫోటో దిగు భాగ్యము అట్లు కలిగినది. కాని అది సంపన్నుల మాట. తరువాతి కాలమున సామాన్యురాలికి పెండ్లిచూపులకొక ఫోటో, పెండ్లికొక ఆల్బము. అది గడచిన పిదప ఫిలిం కెమెరా ఇంటికి వచ్చినను రీలులో ముప్పదియాఱు ఫోటోలే. రీలుకు డబ్బు, కడుగుటకు డబ్బు, కాగితముపై వేయుటకు డబ్బు. ఆ ముప్పదియాఱులో బారసాల పీటలు, తిరుపతి గోపురము, వచ్చిన చుట్టములు పోగా వంటయింటిలోని మనిషికి మిగులునదేమి? “రీలు దండుగ” యని మనమే తప్పుకొంటిమి. 1976లో రామారావుగారు నాచారములో రామకృష్ణ స్టూడియో కట్టిరి. అక్కడ తారల మొగములపై వేయి దీపములు వెలిగిన దినములలో, నాలుగు వీథుల కీవలనున్న ఇల్లాలికి తన యింటిలో తాను నవ్వుచున్న ఫోటో యొక్కటి లేకుండెను.

దీనిని మార్చినది ఈ వెండిరంగు కెమెరాయే. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క నల్లని తెల్లని ఫోటోను క్యాసెట్టులో వ్రాసికొనుటకు 23 సెకండ్లు పట్టినదట. అందలి చుక్కలు 10,000 మాత్రమే. ముప్పదేండ్లలో అది అరచేతికి వచ్చినది. ఒక్క ఫోటో తీసినను నూఱు తీసినను ఖర్చొకటే యైనది. ఖర్చు పోయిన మఱునాడే ఇంటి పిల్లలు వంటయింటికి వచ్చి తల్లిని తీసిరి, రోలు దగ్గఱ అత్తను తీసిరి, తలంటుకొని ఆరబెట్టుకొను అక్కను తీసిరి. సర్దుకొని కూర్చుండుమని చెప్పువాడు లేడు. అందుచేతనే అవి వంకరగా, మసకగా నున్నవి. అందుచేతనే వానిలో మనమున్నాము.

అయ్యో, ఆ పదేండ్ల ఫోటోలే ఇప్పుడు మన యిండ్లలో లేవు! అంతకు ముందువి ఆల్బములో నున్నవి. 2015కు తరువాతివి ఫోనులో నున్నవి. నడుమవి ఎక్కడ? కొన్ని పాడైన కంప్యూటరుతోపాటు ఇనుపసామానుల వానికి పోయినవి. కొన్ని సీడీలలో వ్రాయించి టీవీ క్రింద పెట్టితిమి. ఆ సీడీ వెనుకనున్న రంగుపొర ఎండకును వేడికిని చెడును, ఇప్పటి కంప్యూటర్లలో దానిని పెట్టు చోటే లేదు. కొన్ని పాత నోకియా ఫోనులలో నిదురించుచున్నవి. 2004లో మొదలై మన పిల్లలనంతగా ఆకర్షించిన ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసివేసిరి. ఇచ్చిన గడువులో తమ ఫోటోలను దింపుకొననివారికి అవి దక్కలేదు. కాగితముపై వేయించుటకు ఖర్చగునని మానితిమి. ఆ పొదుపే మన కొంప తీసినది.

ఈ వేషమునందలి మంచిని చెప్పితిమి గనుక చెడుగును గూడ చెప్పవలెను. నడుము క్రిందికి దిగిన ఆనాటి జీన్సు అందఱి శరీరములకు సరిపడునది కాదు. దానికొఱకు భోజనము మానిన పిల్లలను మేమెఱుగుదుము. బట్ట మరల వచ్చినప్పుడు ఆ పస్తులను గూడ వెంటబెట్టుకొని రాకుండ తల్లులు కనిపెట్టియుండవలెను. రెండవది వ్యయము. ఒకప్పుడు ఎవరును అడుగక మూలబడిన కెమెరాలకు ఇప్పుడు గిరాకి వచ్చి, అమ్మువారు నోటికి వచ్చిన ధర చెప్పుచున్నారు. కొనుటకు పూర్వము ఇంటి అటక, అమ్మగారింటి అలమర, పిన్నిగారి పెట్టె వెదకుడు. కుర్తాలును అట్లే. మీ పెట్టెలోని 2003 నాటి కుర్తాను కుట్లు విప్పి మీ కూతురికి సరిచేసి యిచ్చినచో, బజారులో క్రొత్తగా కుట్టిన పాతబట్టకంటె దానికి విలువ యెక్కువ.

పాత కెమెరా దొరకినవారికి మా అనుభవము మీద కొన్ని మాటలు:

మొదట కార్డును తీసి వేఱుగా నుంచుడు. దానిలోని ఫోటోలు కంప్యూటరునకు ఎక్కువఱకు ఆ కార్డుపై క్రొత్తవి తీయరాదు. కెమెరా ఫార్మాట్ చేయుమన్నచో “వద్దు” అనుడు. పొరపాటున చేసినను వెంటనే కెమెరా ఆపినచో, దానిపై క్రొత్తది వ్రాయబడనంతవఱకు పాతవానిని తిరిగి రాబట్టుటకు తఱచు వీలుండును.

ఉబ్బిన బ్యాటరీకి ఛార్జి పెట్టరాదు, అది అంటుకొనవచ్చును. చెత్తబుట్టలో వేయక, విద్యుత్తు చెత్త తీసికొనువారికి ఇయ్యుడు. సన్న బ్యాటరీలు లోపల కారి తెల్లని బూజు పట్టియున్నచో, పొడిగుడ్డతో తుడిచి, చేతులు కడుగుకొనుడు.

పాత కెమెరాలలో కొన్నిటికి ఇప్పుడు దొరకని ఆకారపు కార్డులుండును. సోనీవారి మెమొరీ స్టిక్ 1998లోను, ఫ్యూజీ, ఒలింపస్ వారల ఎక్స్‌డీ కార్డు 2002లోను వచ్చినవి. వానిని చదువు పరికరము దొరకనిచో కెమెరా తీగతోనే కంప్యూటరునకు తగిలింపవచ్చును. సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఓపికతో అడిగినచో ఇట్టివి చేసిపెట్టువారు దొరకుదురు. 2006కు ముందటి కెమెరాలు పెక్కింటికి రెండు జీబీకి మించిన ఎస్‌డీ కార్డు పనికిరాదు. పెద్దది కొని కెమెరా చెడిపోయెనని బాధపడవలదు.

దింపిన ఫోటోలను రెండు చోట్ల నుంచుడు. అన్నిటికంటె ముఖ్యముగా, వానిలో ఇరువదింటినైనను ఏరి కాగితముపై వేయించి ఆల్బములో నతికింపుడు. కాగితము చూచుటకు తీగ అక్కఱలేదు.

చివరగా తేదీ మాట. ఈ ఫోటోల మూలను నారింజరంగు అంకెలలో పడు తేదీ యనిన నేటి పిల్లలకు ప్రాణము. ఫోనులో తీసిన వానికి గూడ ఆ తేదీని అతికించు యాప్‌లు వచ్చినవట. కాని ఆ తేదీని నమ్మరాదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయినపుడు కెమెరాలోని గడియారము నిలిచిపోయి, మరల వేయగనే తాను పుట్టిన యేటి జనవరి ఒకటవ తేదీని చూపును. మనము దిద్దక ఫోటో తీయుదుము. మా అత్తగారి ఫోటో మూలను 2003 జనవరి 1 అని యున్నది. కెమెరా మా యింటికి వచ్చినదే 2004లో. జనవరిలో మామిడికాయ యెక్కడిది? ఏటిని తప్పు చదువునని లోకము భయపడిన యంత్రము తుదకు మా యింటిలో ఆ పని చేయనే చేసినది.

నిజమైన యేడు తెలిసికొనుటకు మేము మా ఆడుబిడ్డకు ఫోటో పంపితిమి. ఆమె ఫోను చేసి, “ఆ చాప నేను తెచ్చింది వదినా, మా చిన్నవాడు పుట్టిన ఏడు. పన్ను ఆ ఉగాదికే పోయింది,” అని, కొంతసేపు మాటాడక, “అమ్మ దేనికి నవ్విందో నాకు తెలుసు,” అని చెప్పుట కారంభించినది. ఆవకాయలో ఉప్పు రెండుమారులు వేసినది మేమేనట. మేము మఱచితిమి, ఆమె మఱువలేదు. గంటసేపు చెప్పుకొని యిద్దఱమును నవ్వితిమి, ఏడ్చితిమి.

సోదరీమణులారా, ఆ సంగతి తెలిసినవారు ఇంకను మన యిండ్లలో నున్నారు. వారు ఉండగనే కార్డు తీసి ఫోటోలు చూపి, ఎవరు, ఎక్కడ, ఏయేడు, ఏమన్నందుకు నవ్విరి అని అడిగి, వెనుకవైపున పెన్సిలుతో వ్రాసికొనుడు. మీ అమ్మాయి పాత కెమెరా కావలెనని అడిగినపుడు “ఇదేమి పిచ్చి” యని కసరక, అలమర తాళముచెవి దాని చేతికిండు. మా చెల్లెలి కూతురు ఇప్పుడు ప్రతి ఆదివారమును వచ్చుచున్నది. వచ్చినపుడెల్ల తన స్నేహితురాండ్రను తీసిన తరువాత, వంటయింటి గుమ్మములో నిలిచి మమ్ములను గూడ ఒకటి తీయుచున్నది. నవ్వుమని మాత్రము చెప్పుట లేదు.